హెచ్.ఐ.వి. పరీక్షల కచ్చితత్వం - మందులు, ఇతర వ్యాధుల ప్రభావం

ఒక వ్యక్తి శరీరంలో హెచ్.ఐ.వి. ఉన్నదో లేదో తెలుసుకొనుటకు చేసే పరీక్షలు వైద్యశాస్త్రంలోని అత్యంత నమ్మదగిన పరీక్షలలో చేరతాయి. అయితే ఏ పరీక్షా నూటికి నూరు పాళ్ళు తప్పు లేనిది కాదు. అప్పటికే వాడుతున్న మందులు, వేయించుకున్న టీకాలు, గర్భం, మలేరియా, క్షయ, కీళ్ళవాతం వంటివి ఈ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవా అన్న సందేహం పరీక్ష చేయించుకొనే వారిలో చాలామందికి కలుగుతుంది. నిత్యం వాడే మందులలో దాదాపు ఏవీ ఫలితాన్ని మార్చవు. మార్చగలిగిన మందులు కొద్ది మాత్రమే. వాటిలో ముఖ్యమైనవి హెచ్.ఐ.వి.ని అణచడానికి ఇచ్చే మందులే. కొన్ని ఇతర వ్యాధులు మాత్రం తొలి పరీక్షలో తప్పుడు పాజిటివ్‌ను ఇప్పించగలవు. ఈ కారణం వలననే ఒక్క పరీక్షతో ఎవరినీ హెచ్.ఐ.వి. ఉన్నవారిగా నిర్ధారించరాదన్న నియమం ఏర్పడింది.

పరీక్ష దేనిని వెతుకుతుంది?

సాధారణంగా చేసే హెచ్.ఐ.వి. పరీక్ష వైరస్‌ను నేరుగా చూడదు. వైరస్ ప్రవేశించిన తరువాత దానిని ఎదుర్కొనుటకు శరీరం తయారు చేసుకొనే ప్రతిరక్షకాలను, అనగా యాంటీబాడీలను వెతుకుతుంది. పరీక్షా పట్టీ మీద లేదా ప్లాస్టిక్ పళ్ళెం గుంటలలో హెచ్.ఐ.వి.కి చెందిన మాంసకృత్తుల ముక్కలను ముందుగానే అతికించి ఉంచుతారు. వైరస్ పైపొరలో ఉండే జీపీ 41, జీపీ 120 అనేవి వీటిలో ముఖ్యమైనవి. రక్తంలో వీటికి సరిపడే ప్రతిరక్షకాలు ఉంటే వచ్చి అతుక్కుంటాయి. అతుక్కున్న చోట రంగు గీత గాని, వెలుగు గాని వస్తుంది. దీనినే "రియాక్టివ్" అంటారు. రియాక్టివ్ అనే మాటకు, పాజిటివ్ అనే మాటకు భేదం ఉన్నది. మొదటిది ఒక కిట్ చూపించిన గుర్తు మాత్రమే, రెండవది పరీక్షలన్నీ పూర్తి అయిన పిదప వైద్యులు చేసే నిర్ధారణ.

నాలుగవ తరం పరీక్షలు ప్రతిరక్షకాలతో పాటు వైరస్ లోపలి గుజ్జులో ఉండే పీ 24 అనే మాంసకృత్తును కూడా పట్టుకుంటాయి. ఇది కాక వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్షలు వేరే ఉన్నవి. వైరస్ సోకిన తరువాత ఏ పరీక్షకైనా అది అందడానికి కొంత కాలం పడుతుంది. జన్యుపదార్థ పరీక్షకు 10 నుండి 33 రోజులు, సిరనుండి తీసిన రక్తంతో చేసే నాలుగవ తరం పరీక్షకు 18 నుండి 45 రోజులు, ప్రతిరక్షకాలను మాత్రమే చూసే పరీక్షకు 23 నుండి 90 రోజులు పట్టవచ్చును. ఈ మధ్య కాలాన్ని గవాక్ష కాలం అంటారు. నెగటివ్ ఫలితం తప్పు కావడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఈ గవాక్ష కాలమే గాని మందులు కావు. ముప్పు ఎదురైన వారం రోజులకే పరీక్ష చేయించుకొని, నెగటివ్ వచ్చిందని ఊరట చెందేవారు ఈ విషయాన్ని గమనించవలెను.

తొలి పరీక్షలు

పారిస్ నగరంలోని పాశ్చర్ సంస్థలో ఫ్రాంస్వాజ్ బారె-సినూసీ, లూక్ మాంటనియే బృందం 1983లో ఈ వైరస్‌ను కనుగొన్నది. 1985 మార్చి నెలలో అమెరికా ప్రభుత్వం మొదటి ఎలీసా పరీక్షకు అనుమతి ఇచ్చింది. ఆ పరీక్ష తయారైన ఉద్దేశం రోగులకు వ్యాధి నిర్ధారణ చేయడం కాదు, దాతలు ఇచ్చిన రక్తాన్ని జల్లెడ పట్టడం. రక్తనిధిలో ఒక మంచి రక్తపు సంచీని అనుమానంతో పారవేసినా పెద్ద నష్టం లేదు. ఒక్క చెడ్డ సంచీ జారిపోతే ప్రాణనష్టం. అందుచేత ఆ జల్లెడ కన్నాలను కావాలనే చాలా చిన్నవిగా చేశారు. ఆ జల్లెడనే మనుషుల భవిష్యత్తును తేల్చడానికి వాడినప్పుడు చిక్కులు వచ్చాయి.

తొలి తరం ఎలీసాలలో మరొక లోపం ఉండేది. పరీక్షకు కావలసిన వైరస్‌ను మానవ తెల్లరక్తకణాలలో పెంచేవారు. వైరస్‌ను శుద్ధి చేసినా ఆ కణాల పైపొర మాంసకృత్తులు కొన్ని దానితో పాటు మిగిలిపోయేవి. అనేక కాన్పులు అయిన స్త్రీలలో, పలుమార్లు రక్తం ఎక్కించుకున్న వారిలో పరాయి మనిషి కణాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు సహజంగానే ఉండవచ్చును. గర్భంలోని శిశువు తండ్రి పోలికలున్న కణాలు తల్లి రక్తంలోకి రావడమే కాన్పులైన స్త్రీలలో ఇందుకు కారణం. ఈ ప్రతిరక్షకాలు వెళ్ళి కిట్‌లోని ఆ మిగులు మాంసకృత్తులకు అతుక్కొని, హెచ్.ఐ.వి. ఏ మాత్రమూ లేని వారిని రియాక్టివ్‌గా చూపేవి. "గర్భం వస్తే తప్పుడు పాజిటివ్ వస్తుంది" అన్న మాటకు మూలం ఇదే. తరువాతి తరం కిట్లలో కణాలలో పెంచిన వైరస్‌కు బదులు ప్రయోగశాలలో విడిగా తయారు చేసిన మాంసకృత్తు ముక్కలను వాడుతున్నందున ఈ లోపం చాలా వరకు తొలగిపోయింది. మాట మాత్రం మిగిలిపోయింది.

భారతదేశంలో హెచ్.ఐ.వి.ని 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాలమన్ బృందం గుర్తించింది. వేలూరులోని క్రిస్టియన్ వైద్య కళాశాలలో ఎలీసా చేసి, ఫలితాన్ని అంతటితో నమ్మక, అమెరికాలో వెస్టర్న్ బ్లాట్ అనే రెండవ పరీక్షతో ధ్రువపరచుకున్నారు. ఒక పరీక్షను మరొక రకం పరీక్షతో సరిచూసుకొనే పద్ధతి ఈ దేశంలో మొదటి రోజునుండీ ఉన్నదన్నమాట.

ఒక్క పరీక్ష ఎందుకు చాలదు?

ఇది లెక్క చేసి చూస్తే తప్ప నమ్మశక్యం కాని విషయం. భారతదేశంలో వయోజనులలో హెచ్.ఐ.వి. ఉన్నవారు 2023 అంచనాల ప్రకారం 0.2 శాతం. అనగా లక్ష మందిని పరీక్షిస్తే సుమారు 200 మందికి హెచ్.ఐ.వి. ఉండును, 99,800 మందికి ఉండదు. హెచ్.ఐ.వి. లేనివారిలో 99.5 శాతం మందికి సరిగ్గా "లేదు" అని చెప్పే కిట్ ఒకటి ఉన్నదనుకొందాము. వినడానికి ఇది చాలా మంచి కిట్. కాని మిగిలిన అర శాతం, అనగా 499 మంది, హెచ్.ఐ.వి. లేకుండానే రియాక్టివ్ అవుతారు. నిజంగా ఉన్న 200 మందినీ కిట్ పట్టుకున్నా, మొత్తం రియాక్టివ్ అయిన 699 మందిలో నిజమైనవారు 200 మందే, అనగా నూటికి 29 మంది కంటే తక్కువ.

ఇప్పుడు ఆ 699 మందికి అంతే కచ్చితత్వం గల వేరొక కిట్‌తో మళ్ళీ పరీక్ష చేస్తే, తప్పుగా వచ్చిన 499 మందిలో ఇద్దరో ముగ్గురో మాత్రమే మిగులుతారు. మూడవ కిట్‌తో చేస్తే ఆ ఇద్దరు ముగ్గురు కూడా దాదాపుగా తొలగిపోతారు. లక్ష మందిలో ఒక్కరు తప్పుగా మిగలడం కూడా అరుదు.

ఈ లెక్కలో ఒక షరతు దాగి ఉన్నది. మొదటి కిట్ చేసిన తప్పుకు, రెండవ కిట్ చేసే తప్పుకు సంబంధం ఉండరాదు. కాని ఒక మనిషి రక్తంలోనే, ఏదో వ్యాధి వలన, కిట్‌లోని మాంసకృత్తుకు అతుక్కొనే ప్రతిరక్షకం ఉన్నదనుకొంటే, అదే రకం కిట్‌తో పదిసార్లు చేసినా పదిసార్లూ అదే తప్పు వస్తుంది. "రెండుసార్లు చేయించాము, రెండుసార్లూ పాజిటివే వచ్చింది" అనే మాటకు, రెండుసార్లూ వాడిన కిట్ ఒకటే అయితే, విలువ లేదు. అందుచేత మూడు పరీక్షలలోనూ వేర్వేరు మాంసకృత్తులు గాని వేర్వేరు పద్ధతులు గాని ఉపయోగించే కిట్లనే వాడవలెనని భారత జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నిర్దేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తొలుత వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాలలో రెండు పరీక్షలు చాలునని చెప్పేది. 2019లో ఆ భేదాన్ని తొలగించి అన్ని చోట్లా వరుసగా మూడు రియాక్టివ్ ఫలితాలు ఉండవలెనని, వెస్టర్న్ బ్లాట్ వాడుకను నిలిపివేయవలెనని సూచించింది.

ఇతర వ్యాధులు, శరీర స్థితులు

రోగనిరోధక వ్యవస్థను గట్టిగా కదిలించే వ్యాధులలో శరీరం అవసరమైన ప్రతిరక్షకాలతో పాటు గురి లేని ప్రతిరక్షకాలను కూడా కుప్పలుగా తయారు చేస్తుంది. వాటిలో కొన్ని యాదృచ్ఛికంగా హెచ్.ఐ.వి. మాంసకృత్తుల ఆకారానికి సరిపోతాయి. తప్పుడు రియాక్టివ్ ఫలితాలకు చాలావరకు మూలం ఇదే.

ఆఫ్రికాలోని నిద్రా వ్యాధి ఇందుకు మంచి ఉదాహరణ. ఈ వ్యాధి కలిగించే పరాన్నజీవి తన పైపొరను మాటిమాటికి మార్చుకొంటూ ఉంటుంది. దానిని వెంబడించే ప్రయత్నంలో రోగి శరీరం అనేక రకాల ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేస్తుంది. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో ఈ రోగులపై జరిపిన పరిశీలనలలో హెచ్.ఐ.వి. కిట్ల కచ్చితత్వం బాగా తగ్గిపోయినట్లు తేలింది. తీవ్రమైన మలేరియా, నత్తల ద్వారా సోకే షిస్టోసోమియాసిస్, కాలా అజార్ వ్యాధులలో కూడా ఇటువంటివి గమనించారు. కాంగోలోనే కుష్ఠు రోగులపై జరిపిన అధ్యయనం 1994లో వెలువడింది. కుష్ఠు సూక్ష్మజీవి గోడలోని పదార్థాలకు వ్యతిరేకంగా ఏర్పడిన ప్రతిరక్షకాలు అప్పటి ఎలీసాలలో హెచ్.ఐ.వి. మాంసకృత్తులకు కూడా అతుక్కొంటున్నవని అందులో చూపించారు.

లూపస్, రుమటాయిడ్ కీళ్ళవాతం వంటి స్వయంనిరోధక వ్యాధులలో శరీరం తన కణాలకే వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేస్తుంది కనుక తొలి పరీక్ష అప్పుడప్పుడు రియాక్టివ్ కావచ్చును. సిఫిలిస్, ఎప్‌స్టైన్-బార్ వైరస్ వలన వచ్చే గ్రంథుల జ్వరం, కొన్ని కాలేయ వ్యాధులు, మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సరు, దీర్ఘకాల డయాలిసిస్ మొదలైనవి కూడా ఈ కోవలోకే వస్తాయి. కోవిడ్-19 సోకిన వారిలో కొందరికి తాత్కాలికంగా తప్పుడు రియాక్టివ్ వచ్చినట్లు 2020 తరువాత వైద్య పత్రికలలో నివేదికలు వెలువడ్డాయి. ఇవన్నీ అరుదైనవే. లూపస్ ఉన్న వారందరికీ, మలేరియా వచ్చిన వారందరికీ తప్పుడు ఫలితం వస్తుందని అర్థం కాదు. వారిలో తప్పు వచ్చే అవకాశం ఇతరులకంటే కొంత ఎక్కువ అని మాత్రమే.

మధుమేహం, రక్తపోటు, ఉబ్బసం, థైరాయిడ్ లోపం, రక్తహీనత, సాధారణ జలుబు వంటివి ఫలితాన్ని మార్చగలవనడానికి ఆధారం లేదు. క్షయ విషయంలో ఒక మాట చెప్పవలసి ఉన్నది. క్షయ ఉన్న ప్రతి వ్యక్తికీ మన దేశంలో హెచ్.ఐ.వి. పరీక్ష చేయిస్తారు. "క్షయ ఉండడం వలన పాజిటివ్ వచ్చింది" అని బంధువులు సర్దిచెప్పుకోవడం కద్దు. నిజానికి సంబంధం తలక్రిందులుగా ఉంటుంది. హెచ్.ఐ.వి. వలన రోగనిరోధక శక్తి తగ్గిన వారికే క్షయ సులభంగా వస్తుంది. పరీక్ష చేయించడానికి కారణం కూడా అదే.

దీనికి భిన్నంగా, తప్పుడు నెగటివ్‌కు దారితీసే స్థితులు కూడా కొన్ని ఉన్నవి. పుట్టుకతోనే ప్రతిరక్షకాలు తయారు కాని వ్యాధి ఉన్నవారిలో, ఎముక మజ్జ మార్పిడి జరిగిన వారిలో, ఎయిడ్స్ చివరి దశలో ఉన్న కొద్దిమందిలో ప్రతిరక్షకాలు పరీక్షకు అందనంత తక్కువగా ఉండవచ్చును. అటువంటివారిలో జన్యుపదార్థ పరీక్ష చేయవలసి వస్తుంది.

టీకాలు

1991 చివరలో అమెరికాలో రక్తదాతలను పరీక్షించినప్పుడు ఒక విచిత్రం జరిగింది. కొందరు దాతల రక్తం హెచ్.ఐ.వి., హెపటైటిస్-సి, హెచ్.టి.ఎల్.వి. అనే మూడు వేర్వేరు వైరస్‌ల పరీక్షలలో ఒకటికి మించి రియాక్టివ్ అయినది. ఒకే మనిషికి ఇన్ని వైరస్‌లు ఒకేసారి సోకడం అసంభవం. విచారించగా, వారిలో చాలామంది కొద్ది రోజుల ముందు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయించుకున్నారని తేలింది. తదుపరి పరీక్షలలో వారికి ఆ వైరస్‌లు లేవని నిర్ధారించారు.

ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఆస్ట్రేలియాలో జరిగింది. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం, సీ.ఎస్.ఎల్. సంస్థ కలిసి తయారు చేసిన కోవిడ్ టీకాలో, కరోనా వైరస్ మాంసకృత్తు ఆకారం చెదరకుండా పట్టి ఉంచడానికి హెచ్.ఐ.వి. జీపీ 41 లోని చిన్న ముక్కను బిగింపుగా వాడారు. ఆ ముక్క వలన హెచ్.ఐ.వి. సోకే ప్రశ్నే లేదు. కాని 216 మంది పాల్గొన్న తొలి దశ ప్రయోగంలో, టీకా పొందినవారి శరీరాలు ఆ ముక్కకు వ్యతిరేకంగా కూడా ప్రతిరక్షకాలను తయారు చేసి, కొన్ని హెచ్.ఐ.వి. పరీక్షలలో రియాక్టివ్ ఫలితం చూపాయి. టీకా కోవిడ్ మీద బాగానే పనిచేసే సూచనలు కనబడినా, దేశమంతటా వేస్తే హెచ్.ఐ.వి. పరీక్షల వ్యవస్థే అస్తవ్యస్తమవుతుందని 2020 డిసెంబరులో దానిని విరమించుకున్నారు. ఆస్ట్రేలియా ప్రభుత్వం అప్పటికే 5.1 కోట్ల మోతాదులకు ఒప్పందం చేసుకొని ఉన్నది.

హెచ్.ఐ.వి. టీకా ప్రయోగాలలో స్వచ్ఛందంగా పాల్గొన్నవారికి ఇదే ఇబ్బంది ఎక్కువ కాలం ఉంటుంది. వైరస్ లేకపోయినా వారి శరీరంలో ఏళ్ళ తరబడి ప్రతిరక్షకాలు ఉండవచ్చును. అందుచేత వారిని జన్యుపదార్థ పరీక్ష ద్వారా మాత్రమే తేల్చవలసి ఉంటుంది.

మందులు

పారాసిటమాల్ వంటి నొప్పి మాత్రలు, అమాక్సిసిల్లిన్ వంటి యాంటీబయాటిక్స్, మధుమేహానికి, రక్తపోటుకు, థైరాయిడ్‌కు వాడే మందులు, క్షయ మందులు, గర్భనిరోధక మాత్రలు, అలెర్జీ మందులు హెచ్.ఐ.వి. పరీక్ష ఫలితాన్ని మార్చవు. యాంటీబయాటిక్ అనే పేరులోని "యాంటీ", యాంటీబాడీ అనే పేరులోని "యాంటీ" ఒకటే కావడం తప్ప ఈ రెండింటికీ సంబంధం లేదు. మద్యం, పొగాకు, ముందు రోజు తిన్న ఆహారం కూడా రక్త పరీక్షను మార్చవు. పరగడుపున ఉండవలసిన అవసరం లేదు. నోటి ద్రవంతో చేసే పరీక్షకు మాత్రం కొంతసేపు ముందునుండి ఏమీ తినక, త్రాగక ఉండవలెను.

జుట్టు ఊడకుండా, గోళ్ళు విరగకుండా ఉండుటకని అమ్మే బయోటిన్ మాత్రలు ఈ విషయంలో ఒక ప్రత్యేక స్థానం సంపాదించుకున్నాయి. బయోటిన్ ఒక విటమిను. పెద్దవారికి రోజుకు సుమారు 30 మైక్రోగ్రాములు చాలును; బజారులో దొరికే మాత్రలలో 5 లేదా 10 మిల్లీగ్రాములు, అనగా కొన్ని వందల రెట్లు ఉంటుంది. ప్రయోగశాల యంత్రాలలో కొన్ని, పరీక్షా పదార్థాలను ఒకదానికొకటి అతికించడానికి బయోటిన్‌నే జిగురులా వాడతాయి. రక్తంలో బయోటిన్ అధికంగా ఉంటే అది మధ్యలో దూరి ఆ జిగురు పట్టవలసిన చోటును ఆక్రమిస్తుంది. వెలుగు రావలసినంత రాదు. ఆ పద్ధతి వాడే పరీక్షలలో ఉన్న దానిని లేదని చూపే ప్రమాదం ఉన్నది. అమెరికా ఆహార, ఔషధ పాలక సంస్థ 2017లో బయోటిన్ గురించి సాధారణ హెచ్చరిక జారీ చేసింది. అన్ని యంత్రాలూ ఈ పద్ధతిని వాడవు కనుక, బయోటిన్ వాడుతున్న సంగతిని పరీక్షశాల వారికి ముందుగా చెప్పడం ఉత్తమం. వైద్యుల చీటీ లేకుండా కొనే వస్తువు కావడం వలన దానిని చాలామంది మందుగా లెక్కించరు, "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే లేదనే చెబుతారు.

రోగనిరోధక శక్తిని అణచే మందుల సంగతి వేరు. సాధారణ మోతాదులో వాడే ప్రెడ్నిసొలోన్ వంటి స్టీరాయిడ్లు ఫలితాన్ని మార్చవు. కాని ప్రతిరక్షకాలను ఉత్పత్తి చేసే కణజాతినే నిర్మూలించే రిటుక్సిమాబ్ వంటి మందులు, తీవ్రమైన క్యాన్సరు చికిత్సలు తీసుకొంటున్న కాలంలో హెచ్.ఐ.వి. క్రొత్తగా సోకితే ప్రతిరక్షకాలు ఆలస్యంగా తయారు కావచ్చును. ఇతరుల రక్తంనుండి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్‌లు ఎక్కించినప్పుడు ఆ దాతల ప్రతిరక్షకాలు కూడా వస్తాయి. 1985కు ముందు సేకరించిన రక్తంతో తయారైన హెపటైటిస్-బి ఇమ్యునోగ్లోబ్యులిన్ కొన్నిటిలో హెచ్.ఐ.వి. ప్రతిరక్షకాలు ఉండి, తీసుకున్నవారిని కొద్ది నెలలపాటు పాజిటివ్‌గా చూపాయి. దాతలను పరీక్షించడం మొదలైన పిదప ఈ సమస్య సమసిపోయింది.

ఇక అసలైన ప్రభావం చూపేవి హెచ్.ఐ.వి. మందులే. వైరస్ సోకిన తొలి వారాలలోనే చికిత్స ప్రారంభిస్తే వైరస్ పెరగడానికి వ్యవధి దొరకదు; శరీరానికి దానితో పరిచయం సరిగా ఏర్పడక ప్రతిరక్షకాలు బలహీనంగా ఉండిపోవచ్చును. అటువంటివారిలో పరీక్ష సందిగ్ధంగా గాని, నెగటివ్‌గా గాని రావచ్చును. అందుచేత నిర్ధారణ పరీక్షలన్నీ మందులు మొదలు పెట్టక ముందే పూర్తి చేయడం ముఖ్యం.

ముప్పు ఎదురైన 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే నివారణ మందులు కూడా ప్రతిరక్షకాల రాకను ఆలస్యం చేయగలవు. కాబట్టి మందులు వాడుతుండగా వచ్చిన నెగటివ్‌ను చివరి మాటగా తీసుకోరాదు. అవి ముగిసిన తరువాత వైద్యులు చెప్పిన గడువులో మళ్ళీ పరీక్ష చేయించవలెను. ముందు జాగ్రత్తగా వాడే మందులలో, అమెరికాలో 2021 డిసెంబరులో అనుమతి పొందిన కెబోటెగ్రావిర్ అనే దీర్ఘకాల ఇంజెక్షను విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. దానిని తీసుకొంటూ కూడా హెచ్.ఐ.వి. సోకిన అతి కొద్దిమందిలో వైరస్ అణగి ఉండి వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలపాటు సాధారణ పరీక్షలకు చిక్కలేదు. ఈ కారణం వలన ఇంజెక్షను తీసుకొనే ప్రతివారికీ ఖరీదైన జన్యుపదార్థ పరీక్ష చేయించాలా అన్న చర్చ నడిచింది. అటువంటి కేసులు చాలా అరుదు కనుకను, ఖరీదైన పరీక్ష తప్పనిసరి చేస్తే మందే అందకుండా పోతుంది కనుకను, సులభమైన సత్వర పరీక్షలను వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో సూచించింది.

"కనబడలేదు" అంటే "లేదు" అని కాదు

మందులు సక్రమంగా వాడేవారిలో కొన్ని నెలలకు రక్తంలోని వైరస్ సంఖ్య, అనగా వైరల్ లోడ్, కొలతకు అందనంతగా తగ్గిపోతుంది. నివేదికలో "కనబడలేదు" అని వస్తుంది. ఇది చికిత్స ఫలించినదనడానికి గుర్తు. ఈ స్థితిలో కొనసాగుతున్నవారినుండి లైంగిక సంపర్కం ద్వారా వైరస్ ఇతరులకు సోకదు కూడా. అయితే వైరస్ కొన్ని కణాల జన్యుపదార్థంలో నిద్రాణంగా దాగి ఉంటుంది. మందులు మానితే చాలామందిలో రెండు నుండి నాలుగు వారాలలో మళ్ళీ రక్తంలో కనబడుతుంది. ప్రతిరక్షకాలను వెతికే పరీక్ష మాత్రం వీరిలో చాలామందికి జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది.

ఈ రెండు పరీక్షల మధ్య భేదం తెలియకపోవడం ఎంతటి అనర్థానికి దారితీస్తుందో చెప్పనలవి కాదు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మందులు వాడుతూనే, ఎయిడ్స్‌ను నయం చేస్తామనే నాటు వైద్యుల పసరు మందులు కూడా తీసుకొనేవారు ఉన్నారు. వైరల్ లోడ్ "కనబడలేదు" అని రాగానే ఆ ఘనత పసరు మందుకు దక్కుతుంది. "నీకు నెగటివ్ వచ్చింది, ఇక ఇంగ్లీషు మందులు మానుకో" అన్న సలహా దాని వెంటనే వస్తుంది. మానినవాడు కొన్ని నెలలపాటు ఆరోగ్యంగానే కనబడతాడు కనుక ఆ వైద్యుని పేరు ఇంకా నలుగురికి పాకుతుంది. రోగనిరోధక శక్తి పూర్తిగా క్షీణించి మళ్ళీ ఆసుపత్రికి వచ్చేసరికి మందులకు లొంగని వైరస్ తయారై ఉండవచ్చును. చికిత్సలో ఉన్నవారికి సత్వర పరీక్ష మళ్ళీ చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఇదొక కారణం: ఆ ఫలితం ఏది వచ్చినా చికిత్స మారదు, కాని తప్పుగా అర్థమయ్యే అవకాశం మాత్రం ఉన్నది.

పసిపిల్లలు

హెచ్.ఐ.వి. ఉన్న తల్లికి పుట్టిన బిడ్డ రక్తంలో తల్లినుండి వచ్చిన ప్రతిరక్షకాలు 18 నెలల వరకు ఉండవచ్చును. కాబట్టి ఆ వయసులోపు ప్రతిరక్షకాల పరీక్ష రియాక్టివ్ వచ్చినా బిడ్డకు వైరస్ సోకినట్లు కాదు. ఇందుకై ఆరు వారాల వయసులో మడమనుండి తీసిన కొద్ది రక్తపు చుక్కలను ప్రత్యేక కాగితంపై ఆరబెట్టి జన్యుపదార్థ పరీక్షకు పంపుతారు. భారతదేశంలో ఈ కార్యక్రమం 2010లో మొదలైనది.

పరీక్షశాలలో జరిగే పొరపాట్లు

వ్యాధులనూ, మందులనూ అనుమానించేవారు సాధారణంగా మరచిపోయే కారణం ఒకటి ఉన్నది. అది మనుషుల పొరపాటు. ఒకరి రక్తపు గొట్టానికి మరొకరి పేరు అంటించడం, గడువు తీరిన కిట్‌ను లేదా ఎండలో ఉంచిన కిట్‌ను వాడడం, పదిహేను నిమిషాలు ఆగవలసిన చోట ఐదు నిమిషాలకే చదవడం లేదా గంట తరువాత చదవడం, ఉన్నదో లేదో తెలియని సన్నని గీతను తోచినట్లు అర్థం చేసుకోవడం వంటివి తప్పుడు ఫలితాలకు తరచుగా కారణమవుతాయి. రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ జన్యుపదార్థ పరీక్షకు అడ్డు తగులుతుంది కనుక, ఆ పరీక్షకు ఇ.డి.టి.ఎ. గొట్టాలలోనే రక్తం తీయవలెను. మొదటి పరీక్ష రియాక్టివ్ అయినప్పుడు కొన్ని దేశాల మార్గదర్శకాలు చికిత్సకు ముందు రెండవసారి క్రొత్తగా రక్తం తీసి పరీక్షించమనడానికి కారణం ఈ పేర్ల తారుమారును పట్టుకోవడమే.

సందేహం నుండి నిరాకరణకు

1990 దశకం మధ్యలో, హెచ్.ఐ.వి. పరీక్షలో తప్పుడు పాజిటివ్‌కు దారితీసే కారణాలంటూ పదుల కొద్దీ వ్యాధులు, టీకాలు, స్థితులతో కూడిన పట్టిక ఒకటి ప్రచారంలోకి వచ్చింది. అందులోని అంశాలలో చాలావాటికి ఏదో ఒక వైద్య పత్రికలో ఆధారం ఉన్నమాట నిజమే. కాని వాటిలో ఎక్కువ భాగం 1980లలోని తొలి తరం ఎలీసాలకు సంబంధించినవి. తరువాతి పరీక్షలతో ఆ తప్పులు దిద్దబడ్డాయన్న సంగతిని పట్టిక చెప్పలేదు. ఎయిడ్స్‌కు హెచ్.ఐ.వి. కారణం కాదని వాదించేవారు దానిని ఆయుధంగా చేసుకున్నారు.

దక్షిణ ఆఫ్రికాలో ఆ వాదం అధ్యక్ష భవనం వరకు వెళ్ళింది. 1999 నుండి 2008 వరకు అధ్యక్షుడుగా ఉన్న టాబో ఎంబెకీ 2000 సంవత్సరంలో నియమించిన సలహా సంఘంలో అటువంటి వాదులకు చోటు దక్కింది. వైరస్ మందులను ప్రజలకు అందించడం ఆలస్యమైనది. ఆ ఆలస్యం వలన 2000-2005 మధ్య 3,30,000 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారని హార్వర్డ్ పరిశోధకులు 2008లో లెక్కగట్టారు.

భారతదేశంలో పరీక్ష

ప్రభుత్వ ఆసుపత్రులలోని సమీకృత సలహా, పరీక్షా కేంద్రాలలో ఈ పరీక్షలను ఉచితంగా చేస్తారు. దేశ సగటుకంటే హెచ్.ఐ.వి. ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నవి కనుక ఇక్కడ గర్భిణులందరికీ పరీక్ష చేయడం ముఖ్యమైన కార్యక్రమం. గ్రామ స్థాయిలో వేలి చుక్క రక్తంతో చేసేది జల్లెడ పరీక్ష మాత్రమే. అందులో రియాక్టివ్ వచ్చిన గర్భిణి పరీక్షా కేంద్రానికి వెళ్ళి మూడు పరీక్షలు పూర్తి చేసుకోవలసి ఉంటుంది. ఈ మధ్యలో వార్త అత్తవారింటికి చేరితే, తరువాత వచ్చే నెగటివ్ కాగితానికి జరిగిన నష్టాన్ని పూడ్చే శక్తి ఉండదు. పైన చేసిన లెక్క ప్రకారం, సాధారణ జనాభాలో తొలి పరీక్ష రియాక్టివ్ అయిన వారిలో సగానికి పైగా నిజానికి హెచ్.ఐ.వి. లేనివారే కావచ్చును.

2018 సెప్టెంబరు 10 నుండి అమలులోకి వచ్చిన హెచ్.ఐ.వి., ఎయిడ్స్ (నివారణ, నియంత్రణ) చట్టం, 2017 ప్రకారం వ్యక్తి అంగీకారం లేకుండా పరీక్ష చేయరాదు, ఫలితాన్ని ఇతరులకు వెల్లడించరాదు. పరీక్షకు ముందు జరిగే సలహా సమావేశంలోనే తాను వాడుతున్న మందులు, తీసుకున్న టీకాలు, ఉన్న వ్యాధులు చెప్పుకోవచ్చును. జాతీయ ఎయిడ్స్ సహాయ వాణి 1097 నంబరుకు చేసే ఫోనుకు రుసుము లేదు.